మడి గరిటె

ఒక రాజ్యంలో రాచపుండు వచ్చినవాళ్ళు చచ్చిపోయేవారు. వచ్చేది కూలివాడికైనా కొత్వాలుకైనా, పేరులో మాత్రం 'రాచ' అని ఉండేది. ఆ ముక్క ఒకరోజు రాజుగారి చెవిన పడింది. నా పేరు పెట్టుకుని నా జనాన్నే చంపుతుందా అని ఆయనకి పౌరుషం ముంచుకొచ్చింది. కోట పక్కన పెద్ద సాల కట్టించి, దేశంలో ఉన్న పండితులందర్నీ అందులో కూర్చోబెట్టి, ఈ పుండు సంగతేమిటో తేల్చమన్నాడు. ఊళ్ళో అందరూ దాన్ని పుండ్ల సాల అనేవారు. లోపల ఉన్నవాళ్ళకి ఆ పేరు నచ్చేది కాదు గానీ, ఊరి నోటికి ఎవరు మూత పెట్టగలరు.

పండితుల పని ఇలా ఉండేది. రోగి ఒంట్లోంచి గోరంత పుండు ముక్క తీసి, కుండలో గంజి పోసి అందులో వేసేవారు. మామూలు మాంసమైతే రెండు రోజుల్లో కుళ్ళిపోతుంది. రాచపుండు కుళ్ళదు. మనిషి పోయినా అది పోదు, కుండలో దర్జాగా పెరుగుతూ ఉంటుంది. అలా గొంతు పుండు కుండ, ఎముక పుండు కుండ, కాలేయం పుండు కుండ అని వరసగా పెట్టుకుని, వాటిమీద రకరకాల కషాయాలు పోసి, ఏది చచ్చిందో ఏది బతికిందో తాటాకుల మీద రాసేవారు. కొత్త పండితుడికి కుండ కావాలంటే, పెరుగు తోడు అడిగినట్టు, గిన్నె పట్టుకుని పక్కవాడి దగ్గరికి వెళ్ళి కాస్త తోడు అడిగి తెచ్చుకునేవాడు.

రాసినదానికి విలువ కట్టడానికి ఒక పద్ధతి పెట్టారు. ప్రతి పండితుడి గుమ్మానికీ ఒక గంట. ఎవరైనా తన ఆకులో "ఫలానావారు సెలవిచ్చినట్టు" అని రాస్తే, ఆ ఫలానావారి గుమ్మంలో గంట ఒకసారి మోగుతుంది. దాన్ని మోగించడానికీ, ఏ ఆకుకి ఎన్ని మోగాయో సాల గోడ మీద సున్నంతో గీతలు పెట్టడానికీ ఒక ఉద్యోగి ఉండేవాడు. ఆయన్ని గంటలాయన అనేవారు. పుండు గురించి ఆయనకి ఒక్క ముక్క తెలీదు. అయినా సాలలో ఆయన మాటకి తిరుగులేదు.

ఇంకేముంది, ఘంటం పట్టేది గంట కోసమే అయింది. ఒక ఆకులో పట్టే సంగతిని మూడు ఆకులుగా చీల్చి రాసేవారు. నువ్వు నా గంట కొట్టించు, నేను నీ గంట కొట్టిస్తానని ఒప్పందాలు చేసుకునేవారు. ఒకాయనైతే తన ఆకులోనే "నేను సెలవిచ్చినట్టు" అని పదిహేడుసార్లు రాసుకుని, రోజంతా గుమ్మంలో నిలబడి తన గంట తనే విని మురిసిపోయాడు. సాల పెద్దగారి పేరు ప్రతి ఆకు చివరా ఉండేది. వాటిలో ఏముందో ఎవరైనా అడిగితే, చాలా లోతైన విషయమండీ అనేవారు. పిల్లలకి సంబంధాలు చూసేటప్పుడు కూడా, అబ్బాయి తండ్రికి ఎన్ని గంటలు అని అడగడం మొదలైంది.

ఇదంతా పండితుల సరదా అయితే పోనీ అనుకోవచ్చు. రాజవైద్యుడు కూడా ఈ గీతలే చూసేవాడు. ఏ పుండుకైనా ఎక్కువ గంటలు మోగిన ఆకులో ఏ మందుంటే ఆ మందే ఇవ్వాలని శాసనం. ఆ ఆకు చదవాలని మాత్రం శాసనంలో లేదు.

అందరికన్నా ఎక్కువ గంటలు మోగిన ఆకు ఒకావిడది. ఆవిడని కుండలావిడ అనేవారు. గొంతు పుండు కుండని ఇరవై ఏళ్ళు బిడ్డలా సాకింది. నూట నలభై కషాయాలు పోసి చూసి, ఏదీ పని చెయ్యక, విసుగు పుట్టి నూట నలభై ఒకటోది కాచింది. అది పోసిన మూడోనాటికి కుండలో పుండు చచ్చింది. గొంతు పుండుకి కారకషాయం విరుగుడని ఆవిడ రాసిన ఆకుకి మూడువేల పైచిలుకు గంటలు మోగాయి. ఆ మోతకి వాళ్ళాయన చెవుల్లో దూది పెట్టుకుని అన్నం తినేవాడు. గంట మోగినప్పుడల్లా ఆవిడకి లోపల సంతోషంగానే ఉండేది. ఎవరికుండదు చెప్పండి.

ఆ ఊళ్ళో దండోరా వేసే ముసలాయన ఒకడున్నాడు. ఏటా ఉగాదినాడు ఏ పండితుడికి ఎన్ని గంటలో వీధి వీధినా చాటేది ఆయనే. ఆయన గొంతెత్తితే మూడు వీధులవతల పశువులు చెవులు రిక్కించేవి. అలాంటివాడికి గొంతులో రాచపుండు వచ్చింది.

ఒక ఏకాదశినాడు ఆయన కుండలావిడ ఇంటికొచ్చాడు. ఫిర్యాదుకి కాదు, దణ్ణం పెట్టుకోవడానికి. ఇన్నేళ్ళూ మీ పేరు చాటాను తల్లీ, ఇప్పుడు మీ మందే తాగుతున్నాను, నా అదృష్టం అన్నాడు. ఆ నాలుగు మాటలకీ నాలుగుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆవిడ ఆయన్ని వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమంది. పుండు ఉన్నంతే ఉంది. దాని చుట్టూ ఉన్నదంతా కషాయానికి కాలి బొబ్బలెక్కింది. 

పుండులోంచి గోరంత ముక్క తీసింది. ఏకాదశి కాబట్టి ఆరోజు సాలకి తాళం. సాలలో వాడే గరిటె లోపలుండిపోయింది. చేసేదేం లేక వంటింట్లో, సంతలో కొత్తగా కొన్న కొయ్యగరిటె తీసి, దాంతోనే గంజి పోసి, ముసలాయన ముక్కని కొత్త కుండలో వేసింది. సాంబారుకి గరిటేది అని వాళ్ళాయన అరిచినా వినిపించుకోలేదు.

ముక్క అంటుకుంది. మెల్లిగా పెరిగింది. దానిమీద కారకషాయం పోసింది. మూడోరోజైంది, అయిదోరోజైంది, దానికి చీమకుట్టినట్టయినా లేదు. అప్పుడు భూతద్దం తెచ్చి చూసింది. ముసలాయన పుండులో గింజలు ఆవాల్లా గుండ్రంగా, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా ఉన్నాయి. తన ఇరవయ్యేళ్ళ కుండలోవి పొడుగ్గా, చీలికలు చీలికలుగా, కుండ అంచుల దాకా పాకేస్తున్నాయి. రెండూ గొంతువే అయితే ఇంత తేడా ఏమిటని ఆవిడకి అనుమానం పట్టుకుంది. ఎముక పండితుడి దగ్గరికెళ్ళి కాస్త తోడు అడిగింది, కాలేయం పండితుడి దగ్గర ఇంకాస్త తెచ్చింది. అద్దం కింద పెడితే ఆ రెండూ తన కుండకి తోబుట్టువులే. మూడింటికీ ఒకటే చీలిక, ఒకటే పాకుడు.

ఏ ఇంటి పెరుగు ఏ ఇంటి తోడుతో వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే, అన్ని దార్లూ ఒకే గుమ్మం ముందు ఆగాయి. ఆవిడ గురువుగారి గుమ్మం. మొదటి నలభై కుండలూ పెట్టింది ఆయనే. చాలా నిష్ఠాపరుడు. ఒకరింట మంచినీళ్ళు ముట్టడు, ఒకరు తాకిన గుడ్డ కట్టడు.

గరిటె సంగతి అడగ్గానే ఆయన మొహం వెలిగింది. ఒకటే వెండి గరిటెట. తను తప్ప ఎవరూ ముట్టకూడదట. తెల్లారగట్ల తడిబట్టతో వచ్చి, ఆ గరిటెతోనే నలభై కుండలకీ వరసగా గంజి పోసి కలిపేవాడట. సాలలోకి ఎంగిలి అనేదాన్ని అడుగు పెట్టనివ్వలేదని గర్వంగా చెప్పాడు.

"కుండకీ కుండకీ మధ్య గరిటె కడిగేవారా, గురువుగారూ?" అని అడిగింది.

"మడి గరిటెని కడగడమేమిటే అమ్మాయ్? అదెప్పుడూ మడిలోనే ఉంటుందిగా," అన్నాడాయన.

ఆవిడ అరుగు మీద కూర్చుంది. తర్వాత మెల్లిగా, మొదటి కుండ ఎవరిదని అడిగింది. నలభై ఏళ్ళ కిందట కడుపులో రాచపుండుతో ఒకావిడ వచ్చిందనీ, వీధుల్లో ఉప్పు అమ్ముకునేదనీ, వారంలో పోయిందనీ, ఆవిడ పుండంత జోరుగా పెరిగింది ఆయన మళ్ళీ చూళ్ళేదనీ చెప్పాడు. పేరేమిటంటే, అడగలేదమ్మా, పండితురాలు కాదుగా అన్నాడు.

సంగతి అదీ. ఆ జోరైన కడుపు పుండు వెండి గరిటె పట్టుకుని ఒక కుండలోంచి ఇంకో కుండలోకి దిగింది. పడ్డచోటల్లా ఉన్నదాన్ని తినేసి తనే కూర్చుంది. నలభై ఏళ్ళుగా రాజ్యంలో ఉన్న పండితులందరూ గొంతు గురించీ ఎముక గురించీ కాలేయం గురించీ రాసిందంతా ఒక ఉప్పమ్మే ఆవిడ కడుపు గురించి. ఆవిడ ఉప్పు ఇంతమంది తిన్నారు, ఒక్కరికీ ఆవిడ పేరు తెలీదు.

"ఇది బయట పెడతాను, గురువుగారూ," అంది.

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందమ్మాయ్," అన్నాడు గురువుగారు. ఆ క్షణంలో అంతకన్నా సరైన సామెత ఇంకోటి లేదని ఆయనకే తెలీదు.

ఆవిడ వినలేదు. ఇంటికెళ్ళి కొత్త ఆకు రాసింది. గొంతు పుండుకి కారకషాయమని నేను లోగడ సెలవిచ్చినది తప్పు, ఆ కషాయం ఆపండి అని రాసి సాల గోడకి కట్టింది. గంటలాయన వచ్చి చూశాడు. "సెలవిచ్చినది" అన్న మాట కనబడింది. వెళ్ళి ఆవిడ గుమ్మంలో గంట కొట్టి, పాత ఆకు కింద ఒక గీత గీశాడు.

మర్నాటినుంచి సాల అట్టుడికింది. ఆవిడ సెలవిచ్చినది తప్పు కాదని పదిమంది రాశారు. తప్పేనని పన్నెండుమంది రాశారు. తప్పో ఒప్పో ఇప్పుడే తేల్చడం తొందరపాటని, ఇలాంటివాటిలో ఆరితేరినవాళ్ళు ముప్ఫైమంది రాశారు. అందరూ ఆవిడ పేరెత్తినవాళ్ళే. వారం తిరక్కుండా పాత ఆకుకి ఇంకో యాభైరెండు గంటలు మోగాయి. కొత్త ఆకు గురించి ఎవరూ రాయలేదు. దానికి సున్నా.

ఆవిడ గంటలాయన దగ్గరికెళ్ళి మొత్తుకుంది. అది తిట్టు బాబూ, పొగడ్త కాదు అంది. తిట్టేవాళ్ళైనా పేరెత్తి తిడుతున్నారు కదమ్మా అన్నాడాయన. మోగిన గంటని మోగలేదనడానికి తనకి అధికారం లేదన్నాడు.

రాజవైద్యుడు గోడ చూశాడు. అబ్బో, ఈ ఆకు ఇంకా పెరిగిందే అనుకున్నాడు. దండోరా ముసలాయనకి పూటకొక గిన్నె ఇస్తున్న కషాయాన్ని రెండు గిన్నెలు చేశాడు. ఆ మాట విన్నరోజు కుండలావిడ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. తను నోరు విప్పడం వల్ల ఆయన గొంతు ఇంకాస్త కాలింది. అది ఆవిడకి తెలుసు, ఇంకెవరి మీదకీ నెట్టే వీలు లేదు.

ఇక ఒకటే దారి మిగిలింది. రాసినవాళ్ళే తమ ఘంటంతో తమ ఆకులో ఒక్క మాట కొట్టేసినా, ఆ ఆకు పోయినట్టే. దాని గంటలన్నీ చెరిగిపోతాయి. దాన్ని పట్టుకుని వేలాడిన ఆకులన్నీ దాంతోపాటే పోతాయి. రాసినవాళ్ళకి సాలలో చోటుండదు. ఇంతవరకూ ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఆవిడ సభ పిలిపించి, పాత ఆకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇందులో రాసినదంతా నిజమే. ఒక్క మాటే తప్పు. గొంతు అన్నచోట కడుపు అని ఉండాలి. దిద్దేస్తాను," అని ఘంటం ఎత్తింది.

సభలో గుండెలు జారాయి. ఆ ఆకు పోతే తనవి నాలుగొందల గంటలు పోతాయని ఒకాయన, కుదిరిన సంబంధం తప్పిపోతుందని ఇంకొకాయన లేచి నిలబడ్డారు. ఎముక పండితుడు చెయ్యెత్తి, మరి మా ఎముక మాటేమిటని అడగబోతే, అడగనిది చెప్పకూడదని పక్కవాళ్ళు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. సాల పెద్దగారు మాత్రం నింపాదిగా ఆలోచించారు. ఊరికే సాలకి పెద్ద కాలేదు ఆయన, బుర్ర ఉన్న మనిషి.

"అమ్మాయ్, నీకు కావలసిందేమిటి? ఆ ముసలాయనకి కషాయం ఆగడం. కడుపు పుండు వాళ్ళకి అది అందడం. అంతేనా?" అన్నారు.

అంతేనంది.

"దానికి ఆకు దిద్దడమెందుకు. గొంతు పేరు మార్చేద్దాం."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇకపై ఈ రాజ్యంలో మెడలో ఉన్నదాన్ని కడుపనీ, బొడ్డు దగ్గరున్నదాన్ని గొంతనీ పిలవాలని తీర్మానం రాశారు. ఆకులో ఒక్క అక్షరం కదలదు, ఒక్క గంటా తగ్గదు, మందు చేరాల్సినవాళ్ళకి చేరుతుంది. రాజుగారు కూడా ముద్ర వేశారు.

కుండలావిడ చేతిలో ఘంటం అలాగే ఉంది. దిద్దితే నిజం నిలబడుతుంది, కానీ ఇంతమంది అడ్డం పడితే ఆ గొడవ తేలేసరికి నెలలు పడుతుంది, ఈలోగా ముసలాయన రోజుకి నాలుగు గిన్నెలు తాగుతూనే ఉంటాడు. ఒప్పుకుంటే ఈ సాయంత్రమే ఆగుతుంది. ఆవిడ ఘంటం కింద పెట్టింది. సిగ్గుతో ఆవిడ మొహం ఎర్రబడింది.

ఆ తీర్మానాన్ని చాటాల్సింది దండోరా ముసలాయనే. ఆయన డప్పు కొట్టి నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పక్కన ఇంకెవరో అందుకుని చెప్పారు.

ఇక రాజ్యంలో మొదలైంది భాగోతం. అత్తగారు పదిళ్ళకీ వెళ్ళి మా కోడలు గొంతుతో ఉందని చెప్పింది. పాటకచేరీకి వచ్చినాయన ఇవాళ కడుపు బాగాలేదండీ అంటే, వాము నీళ్ళు తెచ్చిచ్చారు. ఆకలేసినవాడు గొంతు కాలిపోతోందన్నాడు, అప్పు చెల్లించనివాడికి కడుపు పిసికేస్తానని బెదిరింపులొచ్చాయి. ఓర్వలేనివాళ్ళకి గొంతుమంట పట్టుకుంది. వారం పది రోజులు నవ్వుకున్నారు, ఆ తర్వాత అలవాటైపోయింది.

కడుపులో పుండున్నవాళ్ళకి ఇప్పుడున్నది గొంతు పుండు కాబట్టి రాజవైద్యుడు వాళ్ళకి కారకషాయం పోశాడు. కషాయానికి పేరుతో పనేముంది. చాలామంది లేచి తిరిగారు. వాళ్ళని చూసి కుండలావిడ మనసారా సంతోషించింది. దాంతో ఆవిడ ఆకుకి ఇంకో వెయ్యి గంటలు మోగాయి, వాళ్ళాయన దూది ఎక్కువ కొన్నాడు.

ఆ హడావిడిలో ముసలాయన ఆవిడ ఇంటికొచ్చాడు. మాట పెగలడం లేదు. ఒక్కో ముక్కా గాలిలో వెతుక్కుని చెప్పాడు.

"కషాయం ఆపారు తల్లీ. నాదిప్పుడు కడుపు పుండట. దానికి మందు ఏ ఆకులోనూ లేదట." వేలు మెడ మీద పెట్టుకున్నాడు. "పేరు మీరేదైనా పెట్టుకోండమ్మా. నొప్పి మాత్రం ఇక్కడే ఉంది."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఆయన ముందే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన మాటని పుండు తియ్యలేదు, తన మందు తీసింది.

కళ్ళు తుడుచుకుని ఆయన కుండ తెచ్చి మళ్ళీ చూసింది. ఆవగింజల్లాంటి ఆ పుండు అంచులకి పాకలేదు. ఎక్కడ వేసిందో అక్కడే, మొండి అల్లుడిలా, ముద్దగా కూర్చుంది. పాకనిదానికి కషాయాలెందుకు, కోసి తీసేస్తే సరి కదా అనిపించింది. సైన్యంలో బాణం ములుకులు పీకే ఆయన్ని పిలిపించింది. ఆయన ముసలాయనకి నల్లమందు పట్టించి, చాలా సన్నటి కత్తితో, చిటికెన వేలంత ముద్దని తీసి పళ్ళెంలో పెట్టాడు. ముసలాయన బతికాడు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు మాట లేకుండా ఉత్త డప్పే కొడతాడు.

ఈ సంగతి అందరికీ తెలియాలని ఆవిడ ఆకు తీసుకుని కూర్చుంది. మొదటి మాట దగ్గరే ఘంటం ఆగిపోయింది. గొంతు పుండు చిన్నగా ఉన్నప్పుడే కోసెయ్యండని రాస్తే, రాజవైద్యుడు జనం పొట్టలు కోస్తాడు. కడుపు పుండు కోసెయ్యండని రాస్తే, తీర్మానం తెలియని పొరుగు దేశాలవాళ్ళు అదే పని చేస్తారు. ఏ మాట రాసినా ఎవరో ఒకరు పోతారు. తను ఒప్పుకున్నదానికి ఫలం ఇదన్నమాట అనుకుంది.

చివరికి మాట రాయలేదు. బొమ్మ గీసింది. నోరు తెరిచిన మనిషి, మెడ మీద ఒక వేలు, ఆ వేలి కింద ఆవగింజంత చుక్క, పక్కన చిన్న కత్తి. గంటలాయన వచ్చి ఆకుని తిరగేసి, తలకిందులు చేసి చూశాడు.

"ఇందులో మీరేమీ సెలవియ్యలేదు కదమ్మా," అన్నాడు.

"లేదు బాబూ," అంది.

సాల గోడ మీద దానికి చోటివ్వలేదు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి కోట బయట, బళ్ళు ఆగేచోట స్తంభానికి కట్టింది. వచ్చేపోయేవాళ్ళు దాని ముందు ఆగుతారు. చదువొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ ఒకేలా చూస్తారు.  చెయ్యెత్తి తమ మెడ తామే తడుముకుంటారు. అప్పుడప్పుడు ఒకరి వేళ్ళు అక్కడే ఆగిపోతాయి.